జారుముడి

మా వీధిలో సూదీదారంతో పని పడితే నా దగ్గరికే వస్తారు. చిత్తూరు మిట్టూరులో ఇంటి ముందు గదిలోనే మిషన్ పెట్టుకుని పద్నాలుగేళ్ళుగా బ్లౌజులు కుడుతున్నాను. పోయిన ఏడాది, అంటే 2025 జులై చివర్లో, ఈసారి పంద్రాగస్టు మన వీధిలోనే చేసుకుందామని పాలంగడి దగ్గర మాట పుట్టింది. జెండా బాధ్యత నా నెత్తిన పెట్టారు. "గుడ్డే కదా, నీకు తెలీందేముంది" అన్నారు. గుడ్డ గురించి తెలుసు. జెండా గురించి ఏమీ తెలీదని తర్వాత తెలిసొచ్చింది.

ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. నేను జెండా ముందు చివరిసారి నిలబడింది పదో తరగతిలో. తర్వాత పెళ్ళి, పిల్లలు, మిషన్. పిల్లలు బడికి పోయి వందనం చేసి చాక్లెట్లతో తిరిగొస్తారు. ఉద్యోగాలున్నవాళ్ళు ఆఫీసుల్లో చేస్తారు. ఇంట్లో ఉండేవాళ్ళకు టీవీలో ఎర్రకోట. దోసెల పెనం దగ్గర నిలబడి ఒక చెవి అటు వేస్తాం, అంతే. అసలు మాట ఎత్తింది కూడా ఇంట్లో ఉండే మనిషే, ఎదురింటి అత్త. డెబ్బై దాటాయి ఆమెకు. "నేను బడికే పోలేదే, నాకు జెండా ఎవురు చూపిస్తారు?" అంది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేదు. మనిషికి రెండొందలు వేసుకుందామని అక్కడే తేలిపోయింది.

టైము మాత్రం ఘోరం. ఆగస్టు 8 వరలక్ష్మీ వ్రతం. దానికి ముందు పది రోజులు నాకు అన్నం తినడానికీ తీరదు. పైగా పదిహేనో తేదీ కూడా శ్రావణ శుక్రవారమే పడింది. ఆడవాళ్ళందరికీ పొద్దున పూజలు, పదిన్నరకు రాహుకాలం. ఎనిమిదికి వందనం, ఎనిమిదిన్నరకల్లా ఎవరిళ్ళకు వాళ్ళు అని ఒప్పందం.

జెండాలకు మా వీధిలో కరువు లేదు. 2022లో ఇంటింటా జెండా కట్టమన్నప్పుడు పోస్టాఫీసులో పాతిక రూపాయలకు అమ్మారు కదా, ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది. కొన్ని బీరువాల్లో, కొన్ని మూడేళ్ళుగా మిద్దె మీద నీళ్ళట్యాంకుకు కట్టినవి కట్టినట్టే. వాటిలో మంచిది ఏరుదామని పదకొండు పోగుచేసి మిషన్ మీద పరిచాను. కాషాయం వెలిసి చెక్కపొడి రంగుకు వచ్చింది. అంచులు పోగులు పోగులుగా వేలాడుతున్నాయి. టేపు పెట్టి కొలిచాను, అలవాటు కొద్దీ. పోస్టాఫీసువి ముప్ఫై అంగుళాల పొడవు, ఇరవై వెడల్పు. పొడవు మూడు వంతులైతే వెడల్పు రెండు వంతులు ఉండాలన్న లెక్కకు సరిపోయాయి. బజారులో కొన్నవి సరిపోలేదు. ఒకటైతే తుండుగుడ్డలాగా పొడవు సాగి ఉంది. గుండుసూది మొనతో చక్రంలో ఆకులు లెక్కపెట్టాను. ఇరవై నాలుగు ఉండాలి. దానికి ఇరవయ్యే ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను, ఇరవయ్యే. బ్లౌజుకు రెండు హుక్కులు తక్కువ కుడితే నన్ను ఊరుకుంటారా?

అప్పుడే వచ్చాడు మిలిటరీ మామ. మూలింట్లో ఉంటాడు. ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, కోపమొస్తే హిందీ. సైన్యంలో చేసి వచ్చాడని అందరికీ తెలుసు, ఏం చేశాడో ఎవరూ అడగలేదు. పంద్రాగస్టు మాట పుట్టినప్పటి నుంచి రోజుకు రెండుసార్లు నా గుమ్మం ముందు ఆగుతున్నాడు.

"అంచులు మడిచి కుట్టేస్తాను మామా, కొత్తవాటిలా ఉంటాయి" అన్నాను.

"వద్దమ్మా. చిరిగిందీ వెలిసిందీ ఎగరేయకూడదు. రూలు."

"అయితే వీటినేం చేసేది? చెత్తబండిలో వెయ్యలేం కదా."

"ఎవురూ లేని చోట మర్యాదగా కాల్చెయ్యాల. అదీ రూలే."

జెండాను కాల్చమని రూలు ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నిజమే, 2002 నుంచి అమల్లో ఉన్న జెండా నియమావళిలో అలాగే ఉంది. పాడైన జెండాను ఏకాంతంలో, గౌరవంగా, పూర్తిగా నాశనం చెయ్యాలి. కాల్చడం మేలు. ఆ పదకొండింటినీ ఉతికిన దిండుగలీబులో పెట్టి పక్కన ఉంచాను.

కొత్తది ఖాదీ అంగడిలో తెచ్చాం. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ధర వెయ్యి దాటింది. పాతికకు దొరికేదానికి వెయ్యా అని పక్కింటి అన్న మొహం మాడ్చుకున్నాడు. నేను మాత్రం దాన్ని ఒళ్ళో వేసుకుని చాలాసేపు చూశాను. మూడు రంగుల ముక్కలు కలిపి కుట్టింది. అతుకు దగ్గర అంచు లోపలికి మడిచి రెండు వరసల కుట్టు, ఎక్కడా పోగు బయటికి లేదు. తాడు దూర్చే పక్క గట్టి పట్టీ, తాడు చివర చిన్న చెక్కబిళ్ళ. కర్ణాటకలో హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో ఖాదీ జెండాలు కుట్టే కేంద్రం ఒకటి ఉంది, అక్కడ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ కుట్టు చూస్తుంటే నాకు ఎర్రకోట గుర్తురాలేదు. ఎక్కడో మిషన్ ముందు నడుం నొప్పితో కూర్చుని, అంచు ఒక నూలు కూడా పక్కకు పోకుండా చూసుకున్న ఒక మనిషి గుర్తొచ్చింది. టీవీలో అరిచేవాళ్ళను చూసినప్పుడు రానిదేదో ఆ అతుకు మీద వేలు పెడితే వచ్చింది.

కంబం సంగతి తేలిగ్గానే అయిపోయింది. వెల్డింగ్ అంగడి అన్న ఇరవై అడుగుల పైపు, పైన కప్పీ బిగించి ఇచ్చాడు. కూలి తీసుకోలేదు, పైపు డబ్బులే తీసుకున్నాడు. బోరింగు పక్క ఖాళీలో సిమెంటు దిమ్మె కట్టాం.

అసలు గొడవ పూల దగ్గర మొదలైంది.

జెండాలో పూలు పెట్టి, మూటలా కట్టి, పైకి పంపి, తాడు లాగితే పూలు రాలాలి. బడిలో మేమంతా చూసింది అదే. మామ అడ్డం తగిలాడు. "పదిహేనో తేదీ కింద నుంచి పైకి ఎక్కించాల. జనవరి ఇరవయ్యారుకి పైన కట్టి విప్పాల. 47లో వాళ్ళ జెండా దిగింది, మనది ఎక్కింది. దానికి గుర్తు. 50కి మనది అప్పటికే పైన ఉంది కదా, విప్పితే చాలు."

నాకు సబబుగానే అనిపించింది. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. "పూలు రాలకపోతే అదేం వందనం మామా? అరకిలో గులాబీరేకులు చెప్పేసినాం" అన్నారు. బెంగుళూరు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ అబ్బాయి కూడా పూలు రాలితేనే వీడియో బాగుంటుందన్నాడు. చేతులెత్తమన్నారు. పూలు గెలిచాయి. మామ ఇంకేం మాట్లాడలేదు. సాయంత్రం తాడు ముక్క తెచ్చి నాకు జారుముడి నేర్పించాడు. "పట్టుకున్నంతసేపు పట్టుకోవాల, లాగితే జారిపోవాల. అంతే." కుర్చీకోడుకు మూడుసార్లు వేయించాడు.

ఎవరు ఎగరేయాలన్నదానికి ఇంకో పంచాయితీ. ఎక్కువ చందా ఇచ్చినాయన తన పేరు తనే చెప్పుకున్నాడు. ఎవరో నాయకుణ్ణి పిలుద్దామన్నారు. చివరికి మాకు బాగా తెలిసిన పద్ధతికే వచ్చాం. చీటీ వేశాం. ముప్ఫై నాలుగు ఇళ్ళ పేర్లు రాసి డబ్బాలో వేసి ఒక బిడ్డతో తీయిస్తే పాలన్న పేరు వచ్చింది. తెల్లవారుజామున నాలుగున్నరకే అంగడి తెరిచే మనిషి. ఆయన మొహం చూడాలి ఆ నిమిషం. "నాకొద్దమ్మా, నాకు సిగ్గు, ఇంకో చీటీ తియ్యండి" అని ఒకటే బతిమాలుకోవడం. చందా ఆయన ఆశగా చూశాడు. "చీటీ పాట ఎత్తినాక వెనక్కి ఇస్తారా?" అంది ఎదురింటి అత్త. అయిపోయింది.

జనగణమన ఫోన్లో పెట్టాలా, పాడాలా అన్నది కూడా చర్చే. ఇద్దరు ముగ్గురికి చరణాల క్రమం అనుమానం. అప్పుడు మామ, "మన మదనపల్లెలో ఠాగూరు కూర్చుని ఇంగ్లీషులోకి రాసిన పాటప్పా, మనం ఫోన్లో పెడితే నవ్వుతారు" అన్నాడు. 1919లో ఠాగూరు మదనపల్లె బెసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నప్పుడు పాటను ఇంగ్లీషులోకి మార్చాడు. ప్రిన్సిపాల్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాట స్వరాలను కాగితం మీద పెట్టింది. ఇది మా జిల్లా పిల్లలందరికీ ఎవరో ఒక టీచరు చెప్పే కథే. "మదనపల్లె ఇప్పుడు మన జిల్లా కాదు మామా, 2022లోనే పోయింది" అన్నాడు సాఫ్ట్‌వేర్ అబ్బాయి. "అప్పుడు మన జిల్లానే కదరా!" అని మామ హిందీలో ఏదో అన్నాడు. పాడాలనే తేలింది.

పదిహేనో తేదీ పొద్దున ఆరుకే వీధి కడిగి మూడు రంగుల ముగ్గు వేశారు. నేను ఏడుకు జెండా మడిచి, రేకులు పోసి, ముడి వేశాను. మామ నేర్పించినట్టే వేశాను. అప్పుడొచ్చింది భయం. పైకి పోయేటప్పుడు దారిలోనే ఊడిపోతే? ఇంతమంది ముందు పరువు పోతుంది. ఎందుకైనా మంచిదని ఇంకో చుట్టు తిప్పి బిగించాను. నా వృత్తి అలాంటిది. నేను వేసిన ముడి ఊడితే కస్టమరు ఇంటి మీదికొస్తుంది. ఊడాల్సిన ముడి నేను జన్మలో వేసి ఎరగను.

ఎనిమిదికల్లా అరవై మంది దాకా చేరారు. పాలన్న తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. దగ్గరికొస్తే పాలవాసన. ముందు పిల్లల ఉపన్యాసాలు. నలుగురు మాట్లాడితే నలుగురూ పింగళి వెంకయ్య గారి గురించే. 1921లో బెజవాడలో గాంధీకి జెండా చూపించాడని ఒకరు, రాట్నం పోయి చక్రం వచ్చిందని ఒకరు, 1947 జులై 22న రాజ్యాంగసభ ఒప్పుకుందని ఇంకొకరు. నాలుగో పిల్లకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. "పైవాళ్ళు చెప్పినట్టే" అని దిగిపోయింది. ఆ రోజు ఉపన్యాసాల్లో నాకు బాగా నచ్చింది అదే.

పాలన్న తాడు పట్టుకున్నాడు. లాగాడు. పైన మూట ఊగింది, విప్పుకోలేదు. ఇంకోసారి లాగాడు. ముడి ఇంకా బిగుసుకోవడం కింద నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. ఇరవై ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. "పాలు పిండినట్టు లాగుతావేం, గట్టిగా లాగప్పా" అని ఎవరో అన్నారు. నవ్వులు. పాలన్న చెవులు ఎర్రబడ్డాయి. "నా చేతి రాశి మంచిది కాదు, ముందే చెప్తినే" అని గొణిగాడు. తప్పు నాదని అరవాలనిపించింది, గొంతు పెగల్లేదు.

మామ వెనక వరస నుంచి నడిచొచ్చాడు. తాడు సడలించి మూటను నెమ్మదిగా కిందికి దించాడు. నా మెడలో ఎప్పుడూ వేలాడే చిన్న కత్తెర తీయబోతే, వద్దని చేత్తోనే చెప్పాడు. జెండాను చేతుల మీద ఆనించుకుని, గోరుతో ఆ ముడిని పాపం రెండు నిమిషాలు గెలికాడు. అరకిలో రేకులూ పాలన్న పాదాల మీద రాలాయి. జెండా నేలకు తగలకుండా నేను ఒక కొస పట్టుకున్నాను. చెక్కబిళ్ళ పైతాడుకు తగిలించి, పూర్తిగా విప్పిన జెండాను కంబానికి ఆనించి పాలన్నతో "ఇప్పుడు లాగు, చురుగ్గా" అన్నాడు.

కింద నుంచి పైకి పోయింది. కప్పీ కిర్రుమంది. ఆరేడు లాగులకు పైకి చేరింది. అక్కడ ఒక నిమిషం గాలి లేదు, కంబానికి అంటుకుని ఉండిపోయింది. తర్వాత గాలి తగిలింది.

"నేను ముందే చెప్పాను" అనలేదు మామ. అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు. నాలుగు మాటలు తిట్టినా బాగుండేది.

జనగణమన 52 సెకన్లలో ముగించాలంటారు. మాకు నిమిషం పైనే పట్టింది. ఆడవాళ్ళు ఒక శ్రుతి, మగవాళ్ళు ఒక శ్రుతి, ఎదురింటి అత్త 'జయహే' దగ్గర మాత్రం అందరికంటే గట్టిగా. ప్రతిజ్ఞ నేనే చెప్పించాను. మొదటి వాక్యం పలకగానే మిగతాదంతా దానంతటదే నోట్లోకొచ్చింది. ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కుందో. ఆ ప్రతిజ్ఞ రాసింది తెలుగువాడే, పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్నప్పుడు రాశాడు. చాలా ఏళ్ళు పుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది, ఆయన పేరు ఉండేది కాదు. పొద్దంతా బిల్లులూ లెక్కలూ చూసుకునే మనిషి కూర్చుని ఈ మాటలు రాశాడన్నది నాకు ఇష్టం.

గుగ్గిళ్ళు, చాక్లెట్లు పంచాం. ఎనిమిదిన్నర అన్నది తొమ్మిదింపావు అయింది. తర్వాత మాటలన్నీ బస్సుల మీదికి మళ్ళాయి. ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్ లేని ప్రయాణం ఆ రోజే మొదలు కదా. ఎదురింటి అత్త అప్పటికే కాణిపాకం పోవడానికి నలుగురిని కూడేసింది.

సాయంత్రం ఆరుకు మామ నా గుమ్మం ముందు నిలబడ్డాడు. "దించాల కదమ్మా."

నేను మర్చిపోయాను. అందరూ మర్చిపోయారు. గ్రూపులో పెడితే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒక్కడే జవాబిచ్చాడు, 2022లో రూలు మారింది అక్కా, రాత్రి కూడా ఉంచొచ్చు అని. మామకు చూపించాను. "ఉంచొచ్చు. ఉంచాలని లేదు కదా" అన్నాడు. కొండల వైపు మబ్బు పట్టి ఉంది.

ఎగరేయడానికి అరవై మందిమి. దించడానికి నేను, మామ, సాయంత్రం పాల గిరాకీ మధ్యలో కొడుకును కూర్చోబెట్టి పరుగెత్తుకొచ్చిన పాలన్న. తాడు పాలన్న చేతికే ఇచ్చాడు మామ. "ఎక్కించేటప్పుడు చురుగ్గా. దించేటప్పుడు నిదానం." పాలన్న ఎంత నిదానంగా దించాడంటే, బిడ్డను ఉయ్యాల్లో పడుకోబెడుతున్నట్టు దించాడు. పొద్దున సిగ్గుతో వణికిన చేతులే అవి. ఎవరూ చూడట్లేదు కాబట్టో ఏమో, ఇప్పుడు వణకలేదు.

నేను చీర మడిచినట్టు మడవబోయాను. మామ ఆపాడు. అడ్డంగా పట్టుకోవాలి. కాషాయం, పచ్చ రెండూ తెలుపు కిందికి మడవాలి. తర్వాత రెండు పక్కల నుంచి మధ్యకు మడుచుకుంటూ వస్తే చివరికి పైన చక్రం, కొంచెం కాషాయం, కొంచెం పచ్చ కనిపిస్తాయి. అరచేతుల మీదో, చేతుల మీదో పెట్టుకుని మొయ్యాలి.

మడుస్తూ అడిగాను, ఇన్నాళ్ళూ ఎవరూ అడగనిది. "మామా, యుద్ధం చూశావా?"

"లేదమ్మా. స్టోర్సు. పదిహేడేళ్ళు బూట్లు, కంబళ్ళు లెక్కపెట్టినా." కాసేపాగి, "ఒక్క జత తక్కువ రాలేదు" అన్నాడు.

పాలన్న ఫక్కున నవ్వబోయి ఆగిపోయాడు. నాకు నవ్వు రాలేదు. మంచులో నిలబడే పిల్లవాడికి ఒక కాలికి ఎనిమిది, ఇంకో కాలికి తొమ్మిది సైజు బూటు పోతే వాడేం చేస్తాడు? ఆ పదిహేడేళ్ళలో ఎన్ని పాదాలు ఈయన లెక్క మీద నడిచి ఉంటాయి? ఇరవై ఆకుల చక్రం గుర్తొచ్చింది. దాన్ని అచ్చు వేసినవాడికి దేశం మీద ప్రేమ లేదని నేననను. బండికి జెండా కట్టుకునే తిరిగి ఉంటాడు. లెక్కపెట్టలేదు, అంతే.

మర్నాడు పొద్దున మా మురుగుకాలవ నిండా కాగితం జెండాలు. పిల్లలవి. పుల్లలు విరిచేసి ఉన్నాయి. నేనూ మా పాపా ఏరితే డబ్బాడు అయ్యాయి. వాటిని దిండుగలీబులోని పదకొండుతో కలిపి, మామవాళ్ళ పెరట్లో, చీకటి పడ్డాక కాల్చాం. కాగితం ఊరికే మండిపోయింది. పాలిస్టరు మాత్రం కరిగి, ముద్దకట్టి, వాసన కొట్టింది. ఖాదీదైతే బూడిదయ్యేది అన్నాడు మామ. పక్కింటి అన్నకు ఆ వెయ్యి రూపాయల లెక్క అప్పుడు చెప్పాలనిపించింది.

కొత్త జెండా నా బీరువాలో పై అరలో ఉంది, పట్టు బ్లౌజుల పక్కన. చందాలో 340 మిగిలింది. దాని మీద ఇంకో పంచాయితీ నడిచింది, అది వేరే కథ.

ఈ జనవరి ఇరవయ్యారుకి పైన కట్టి విప్పాలి కాబట్టి ముడి మళ్ళీ నా పనే. సంక్రాంతి నుంచి ఖాళీ దొరికినప్పుడల్లా బ్లౌజు వెనక తాళ్ళతో జారుముడి వేస్తూ లాగుతూ కూర్చున్నాను. కొలతలకు వచ్చినవాళ్ళు వింతగా చూశారు. సోమవారం పొద్దున ఇంకో చుట్టు తిప్పాలని చేతులు లాగాయి. తిప్పలేదు. మొదటి లాగుకే విప్పుకుంది. చీటీ ఈసారి ఎదురింటి అత్తకు వచ్చింది. రేకులన్నీ ఆమె తలమీదే పడ్డాయి, మధ్యాహ్నం దాకా దులుపుకోలేదు.

సాయంత్రం దించేటప్పుడు ఐదుగురం ఉన్నాం. అందులో ఒకాయన పెళ్ళాం బ్లౌజు అయిందేమో కనుక్కోవడానికి వచ్చినవాడు. మామ ఆయన చేతికి జెండా ఒక కొస ఇచ్చి పట్టుకోమన్నాడు.